చెయ్యి తిరిగిన డ్రైవరే, నిద్రే చాలడం లేదు

ప్రశ్న: అమ్మా, మాది చిత్తూరు. మా ఇంటాయన ఇరవై ఏండ్లుగా కారు తోలతాడు. రెండేండ్ల కింద అప్పు చేసి సొంత కారు కొని, తిరుపతిలో ట్రావెల్స్‌కు పెట్టినాడు. రాత్రి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు పోయి యాత్రికులను ఎక్కించుకొస్తాడు, తెల్లారితే వాళ్లనే కొండకు తీసకపోతాడు. ఈ మధ్య మాటమాటకీ కసురుకుంటాడు. జాగ్రత్త అంటే ‘నా బండికి ఇంతవరకూ గీత పడిందా?’ అంటాడు. యాక్సిడెంటు చేసే మనిషిని ముందే కనిపెట్టొచ్చా?
- ఒక సోదరి

జవాబు: ఫలానా రోజు జరుగుతుందని ఎవరూ చెప్పలేరు తల్లీ. మనిషి ప్రమాదానికి దగ్గరవుతున్న తీరు మాత్రం కనిపిస్తుంది. 1990లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ బృందం డ్రైవర్ల తప్పుల్లో పొరపాటును, పరధ్యానాన్ని, తెలిసీ నియమం మీరడాన్ని విడివిడిగా చూసింది. తర్వాతి అధ్యయనాల్లో ప్రమాదాలతో ఎక్కువగా ముడిపడినది ఆ మూడోదే. చెయ్యి తిరిగినవాడు కూడా మలుపులో ఓవర్‌టేక్‌కు తెగిస్తాడు.

నేను పదమూడేళ్లు డ్రైవర్లకు శిక్షణ తరగతులు చెప్పాను. ‘కోపం వస్తే ఏం చేస్తారు?’ అని అడిగితే అందరూ శాంతమూర్తులే. అందుకే ఆ ప్రశ్న మానేసి ‘నిన్న ఎంతసేపు పడుకున్నారు? ఈ నెల కంతు కట్టారా?’ అని అడిగేదాన్ని. అప్పుడు అసలు మాట బయటికొచ్చేది. పాకాల నుంచి వచ్చిన ఒకతను కూతురి పెళ్లి అప్పు తీర్చడానికి వరసగా మూడు రాత్రులు తోలాడట. మొగిలి ఘాట్‌లో రెప్ప వాలింది, బండి గోడకు రాసుకుని ఆగింది. అతనూ మీ ఆయనలాగే ఇరవై ఏళ్ల డ్రైవరే.

17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. మీ ఆయన చుక్క ముట్టకపోయినా పొద్దున ఘాట్ రోడ్డెక్కేది ఆ స్థితిలోనేనమ్మా. ఆ కసురు కూడా చాలావరకు నిద్ర లేనితనమే. మీ మీద ప్రేమ తగ్గిందని అనుకోకండి.

గడప దాటేటప్పుడు జాగ్రత్తలు చెప్పకండి, తోలుతుండగా ఫోన్ చేయకండి. బెంగళూరు నుంచి వచ్చిన పొద్దున కొండ ట్రిప్పు మరొకరికి ఇవ్వమనండి. ఆ డబ్బు తగ్గితే కంతు గడువు పెంచమని బ్యాంకులో అడగాలి. ఆయన ఒక్కడే అడగలేడు, మీరూ వెంట వెళ్లండి.