మనిషి మారితే కిడ్నాప్ కేసు తేలికవుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. షార్ట్ ఫిల్మ్ కోసం డార్క్ కామెడీ కథ రాశాను. బాకీ ఎగ్గొట్టిన వ్యాపారిని ఎత్తుకుపోదామని బయల్దేరిన ముగ్గురు దోస్తులు పొరపాటున అతని బామ్మర్దిని కారెక్కిస్తారు. అచ్చంపేట దగ్గర మామిడితోటలో నాలుగు రోజులు దాచి, రోజూ బిర్యానీ పెడతారు. ఐదు లక్షలు అడిగితే వ్యాపారి ‘వాణ్ణి మీరే ఉంచుకోండ్రి’ అని ఫోన్ పెట్టేస్తాడు. చివరికి జడ్జి ‘మనిషి మారిండు, పైసలు ముట్టలేదు’ అని చిన్న శిక్షతో సరిపెడతాడు. ఇది చట్టానికి నిలుస్తుందా?

జవాబు: చిన్న శిక్ష పడొచ్చు గానీ, మీ జడ్జి చెప్పిన కారణాలతో కాదు.

డబ్బు కోసం అపహరణకు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 140(2) సెక్షన్ ఉంది. మరణశిక్ష లేదా యావజ్జీవం, పైన జరిమానా. ఎత్తుకుపోయింది బావనా బామ్మర్దినా అని ఆ సెక్షన్ చూడదు. పైసలు ముట్టాలన్న షరతూ లేదు. కథ 2024 జులై 1కి ముందు జరిగినట్టు చూపిస్తే పాత ఐపీసీ 364-ఎ అని రాయండి.

కేసు తేలేది బెదిరింపు దగ్గర. ఎత్తుకుపోవడం, డబ్బు అడగడం రుజువైనా సరిపోదు. చంపుతామనో కొడతామనో బెదిరించాలి, లేదా అంత భయం పుట్టేలా ప్రవర్తించాలి, లేదా నిజంగానే కొట్టో చంపో ఉండాలి. హైదరాబాద్‌లో స్కూలు పిల్లవాణ్ని ఎత్తుకుపోయి రెండు లక్షలు అడిగిన ఆటో డ్రైవర్‌కు కింది కోర్టు యావజ్జీవం వేసింది. పిల్లవాణ్ని బాగానే చూసుకున్నాడని తండ్రే చెప్పాడు. బెదిరింపు రుజువు కాలేదని 2021లో సుప్రీంకోర్టు 364-ఎ తీసేసి, మామూలు కిడ్నాప్‌కు పెట్టే 363 కింద ఏడేళ్లతో సరిపెట్టింది.

అంటే మీరు నవ్వు కోసం పెట్టిన బిర్యానీ సీనే డిఫెన్స్ లాయర్‌కు ఆధారం. ఫోన్‌లో కుర్రాళ్లు ఏమన్నారో మీరు రాయలేదు. ‘పైసలు పంపకుంటే ఖతం చేస్తం’ అన్న ఒక్క డైలాగ్ ఉన్నా క్లైమాక్స్ మార్చాల్సిందే.

బెదిరింపు లేకపోతే ఏ సెక్షన్ మిగులుతుంది? ఇక్కడ సినిమావాళ్లు తరచూ పొరబడతారు. పాత 363కి బదులొచ్చిన 137(2) సంరక్షకుల దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని తీసుకుపోతే పెట్టేది. పెద్ద మనిషిని దేవరకొండ నుంచి అచ్చంపేటకు తీసుకుపోతే అది వర్తించదు. రహస్యంగా బంధించే ఉద్దేశంతో అపహరించినందుకు 140(3) కింద ఏడేళ్ల దాకా, మూడు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ నిర్బంధించినందుకు 127(3) కింద మూడేళ్ల దాకా పడొచ్చు. స్టీరింగ్ వదలని మూడోవాడికి కూడా ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరానికి వర్తించే 3(5) కింద అదే బాధ్యత.

బామ్మర్ది మొదట్నుంచీ వీళ్లతో కలిసే ఉన్నాడన్న మలుపు పెడితే బలవంతం, మోసం రెండూ లేవు గనుక అపహరణ పోతుంది. అప్పుడు చంపుతామన్న ఫోన్‌కు డబ్బు గుంజడానికి ప్రాణభయం పెడితే పెట్టే 308(4) కింద బామ్మర్ది కూడా నిందితుడే.

పెద్దమనుషుల్లో రాజీ కుదిరిందని కేసు మూసేయొద్దు. 140 రాజీపడే నేరం కాదు. ఎస్సై ముందు ముగ్గురూ ఏడ్చి ఒప్పుకునే సీన్ ఉంచుకోవచ్చు గానీ, ఆ ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. దాన్ని పట్టుకుని పోలీసులు తోటలో వెతికి తీసిన సిమ్ కార్డు మాత్రం పనికొస్తుంది.