బొమ్మ బాగుంది, కానీ ఈ నవలది కాదు

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరంలో సాహిత్యం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తాను. రెండేళ్లుగా డిజైన్ సాఫ్ట్‌వేర్ సొంతంగా నేర్చుకుంటున్నాను. పుస్తకాలకి ముఖచిత్రాలు చేయడమే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఈమధ్య ఒక ప్రచురణకర్త ఒక నవల ఇచ్చి కవర్ చేసి చూపించమన్నారు. తండ్రి పోయాక, ఇల్లు అమ్మేయడానికి చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన కూతురి కథ అది. మూడు కవర్లు పంపాను. ఒకదానిలో కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డ స్త్రీ, ఇంకోదానిలో సూర్యాస్తమయంలో ఒంటరి ఇల్లు, మూడోదానిలో ఎగిరిపోతున్న పక్షులు. 'బొమ్మలు బాగున్నాయి, కానీ వీటిని ఏ నవలకైనా వేసుకోవచ్చు' అని జవాబిచ్చారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. లోపం నా చేతిలో ఉందా? ఫైన్ ఆర్ట్స్ చదవకపోవడం వల్లనా? నేను ఈ రంగంలోకి రావచ్చా?

జవాబు: మీ చేతిలో లోపం లేదు. ఫైన్ ఆర్ట్స్ చదవకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. మీ ఉత్తరం చదివాక నాకు వచ్చిన సందేహం వేరు. ఆ మూడు బొమ్మలూ నవల చదివాక పుట్టాయా, లేక కథ ఏమిటో తెలియగానే పుట్టాయా? ఒంటరితనం అనగానే అటు తిరిగిన స్త్రీ, ముగింపు అనగానే సూర్యాస్తమయం, విడుదల అనగానే పక్షులు. ఇవి అందరికీ మొదట తట్టే బొమ్మలు. మీరు 'ఒంటరితనం' అనే మాటకి బొమ్మ వేశారు. ఆ కూతురి ఒంటరితనం ఎలా ఉందో ఇంకా వేయలేదు. ప్రచురణకర్త అన్నది ఇదే. బొమ్మ బాగుందని చెప్పి, ఎక్కడ తప్పిందో కూడా ఒక్క వాక్యంలో చెప్పారంటే మీ పనిని శ్రద్ధగా చూశారని అర్థం. ఆ మాట కాగితం మీద రాసి మీ బల్ల ముందు అంటించుకోండి.

ఈ వృత్తిలో సగం పని చదవడమే. సాహిత్య విద్యార్థిగా అది మీకున్న బలం, మీరు దాన్ని ఇంకా వాడుకోలేదు. నవలని మొదటిసారి మామూలు పాఠకుడిలా చదవండి, ఏమీ రాసుకోవద్దు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవండి. ఏ వస్తువు మళ్లీ మళ్లీ వస్తోంది? రచయిత ఏ గదిలో ఎక్కువసేపు నిలబడుతున్నారు? వెలుతురు ఎటు నుంచి పడుతోంది, అది ఏ పూట? వాక్యాలు పొట్టిగా తెగుతున్నాయా, నెమ్మదిగా సాగుతున్నాయా? ఈ చివరి ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అన్నిటికన్నా అదే ముఖ్యం అనిపిస్తుంది. కథ ఏమిటో వస్తువులు చెబుతాయి, ఆ కథని ఏ గొంతుతో చెబుతున్నారో వాక్యాల నడక చెబుతుంది. కవర్ పట్టుకోవలసింది ఆ గొంతుని.

మీ నవల నేను చదవలేదు కాబట్టి ఒక ఉదాహరణ ఊహించి చెబుతాను. ఖాళీ చేస్తున్న ఇంట్లో గోడ మీది ఫోటో ఎవరో తీసేశారనుకోండి. చుట్టూ గోడ వెలిసిపోయి ఉంటుంది. ఫ్రేమ్ ఉన్నచోట మాత్రం పాత రంగు తాజాగా, పలకలా మిగిలి ఉంటుంది. దాని పైన ఒక మేకు. అంతే బొమ్మ. అందులో మనిషి లేడు, ఏడుపు లేదు, ఇల్లు కూడా మొత్తంగా లేదు. కానీ చూసేవాడికి వెంటనే ప్రశ్నలు పుడతాయి. అక్కడ ఎవరి ఫోటో ఉండేది? ఎవరు తీశారు? మేకు ఎందుకు వదిలేశారు? ఆ ప్రశ్నలతోనే మనిషి పుస్తకం చేతిలోకి తీసుకుంటాడు. పైగా నవల పూర్తయ్యాక మళ్లీ అట్ట చూసినప్పుడు అదే మేకు ఇంకోలా కనిపిస్తుంది. మంచి గుర్తుకి, అంటే కథని మోసే ఆ ఒక్క వస్తువుకి, నేను పెట్టే పరీక్ష ఇది: చదవకముందు ఆసక్తి కలిగించాలి, చదివాక బరువు పెరగాలి.

ఇక్కడ ఆగి ఇంకో విషయం చూడండి. అదే గోడని, అదే మేకుని బూడిద కలిసిన నీలంలో వేసి, పక్క నుంచి గట్టి వెలుతురు కొట్టించి మేకు నీడని పొడుగ్గా, పదునుగా లాగితే ఎవరైనా హత్య కథ అనుకుంటారు. సాయంకాలపు పసుపు వెలుతురు ఏటవాలుగా పడి, అంచులు మెత్తబడితే అది జ్ఞాపకాల కథ అవుతుంది. ఆ పలక కొంచెం వంకరగా ఉండి, గోడ రంగు మెరిసిపోతూ, అక్షరాలు గుండ్రంగా గెంతుతున్నట్టు ఉంటే ఇంటిల్లిపాదీ నవ్వుకునే కథ అనిపిస్తుంది. మూడింట్లోనూ వస్తువు ఒక్కటే. గుర్తు దొరికితే పని అయిపోయిందని కొత్తవాళ్లు అనుకుంటారు, అక్కడికి సగమే అయింది. రంగు, వెలుతురు, ఖాళీ స్థలం, అక్షరాల తీరు కలిసి ఆ గుర్తుకి మూడ్ ఇస్తాయి. మీరు ఇంట్లో చేయదగ్గ మంచి సాధన ఇదే. ఒకే వస్తువు తీసుకుని మూడు వేర్వేరు మూడ్‌లలో కవర్లు చేయండి. పేరు, రచయిత పేరు చేతితో మూసేసి ఎవరికైనా చూపించి, లోపల ఎలాంటి కథ ఉంటుందనుకుంటున్నారో అడగండి. వాళ్లు చెప్పింది మీరు అనుకున్నదానికి దగ్గరగా ఉందో లేదో రాసుకోండి.

ఒక గుర్తు ఎంత దూరం వెళ్లగలదో తెలియడానికి రెండు పాత సంగతులు చెబుతాను. 1925లో వచ్చిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవలకి ఫ్రాన్సిస్ కుగాట్ అనే చిత్రకారుడు ముదురు నీలం ఆకాశంలో తేలుతున్న ఒక స్త్రీ కళ్లు, పెదవులు వేశాడు. కింద రాత్రి వెలుగులు ఉంటాయి. ముఖం పూర్తిగా లేదు. నవల ఇంకా పూర్తి కాకముందే ఆ చిత్రం గురించి రచయిత ఫిట్జ్‌గెరాల్డ్ తన సంపాదకుడికి ఉత్తరం రాస్తూ, ఆ కవర్‌ని ఇంకెవరికీ ఇవ్వొద్దని, దాన్ని తాను నవలలోకి రాసేసుకున్నానని చెప్పాడు. రెండోది 1990 నాటి 'జురాసిక్ పార్క్' నవల. ఆ కవర్ చేసిన చిప్ కిడ్ చర్మంతో, రంగులతో ఉన్న డైనోసార్‌ని వేయలేదు. తెల్లటి కాగితం మీద నల్లటి అస్థిపంజరం ఆకారం పెట్టాడు. మ్యూజియంలో మనకి కనిపించేవి ఎముకలే, మిగతాదంతా మనం ఊహించుకోవాలి. చచ్చిన జంతువుని మళ్లీ బతికించే కథకి అంతకన్నా సరిపోయే బొమ్మ ఉందా? 1993లో వచ్చిన సినిమా గుర్తు కూడా ఆ బొమ్మ నుంచే వచ్చింది. రెండు చోట్లా చిత్రకారుడు కొంత వేసి, కొంత వదిలేశాడు.

వదిలేయడం గురించి ఇంకొక్క మాట. కవర్ మీద పాత్ర ముఖాన్ని స్పష్టంగా వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పాఠకుడు మనసులో కట్టుకునే ముఖాన్ని మనం ముందే లాక్కున్నట్టు అవుతుంది. ప్రేమకథల్లాంటి కొన్ని రకాల పుస్తకాలకి ముఖాలు వేసే అలవాటు బలంగా ఉంది, అక్కడ ప్రచురణకర్త అడిగితే వేయాల్సిందే. అలాగే చివరి మలుపుకి సంబంధించిన వస్తువు ఎంత అందంగా ఉన్నా అట్ట మీదకి తేవద్దు. రంగుల అర్థాలు కూడా సరిచూసుకోండి. తెలుపు ఒకచోట పెళ్లి రంగు, ఇంకోచోట చావు రంగు. పుస్తకం ఏ పాఠకుల కోసమో తెలియకుండా రంగు నిర్ణయించకూడదు.

అక్షరాల విషయం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది నాకు కొంచెం ఆందోళన కలిగించింది. బొమ్మ బాగా వేసేవాళ్లు తరచూ బొమ్మ పూర్తిచేసి, మిగిలిన ఖాళీలో పేరు ఇరికిస్తారు. మీ మూడు కవర్లూ తీసి చూడండి, పేరు ఎక్కడ పెట్టారు? నేను చెప్పిన గోడ ఉదాహరణలో పేరు ఆ ఫ్రేమ్ ఖాళీలోనే ఉండాలి, ఫోటో ఉండాల్సిన చోట. అప్పుడు అక్షరాలు కూడా కథలో భాగమవుతాయి. తెలుగు అక్షరాలతో పనిచేసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. గుడులు, కొమ్ములు, ఒత్తులు పైకీ పక్కకీ కిందకీ చోటు అడుగుతాయి. పేరు రెండు వరుసల్లో వస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకి తగలకుండా చూసుకోవాలి. ఫాంట్‌లో ఉన్న ఎడం సరిపోకపోతే ఒక్కో అక్షరాన్ని చేత్తో జరపండి, లేదా పేరు మొత్తం మీరే రాయండి. బొమ్మలు వేసే చేయి మీకుంది కదా, సొంత లెటరింగ్ మీకు పెద్ద ఆస్తి అవుతుంది.

సాంకేతిక విషయాలు నేర్చుకోవడం కష్టం కాదు, కానీ రాకపోతే నమ్మకం పోతుంది. ఇప్పుడు చాలామంది పుస్తకాన్ని మొదట ఫోన్ తెర మీద బొటనవేలి గోరంత బొమ్మగా చూస్తారు. కాబట్టి ప్రతి రఫ్‌నీ, అంటే తొలి చిత్తు బొమ్మనీ, ఆ సైజుకి తగ్గించి చూడండి. గుర్తు తెలియకపోతే, పేరు చదవలేకపోతే మళ్లీ చేయాలి. అచ్చు పుస్తకానికి ముందట్ట ఒక్కటే సరిపోదు. వెనకట్ట, వెన్ను (రెండు అట్టల మధ్య పుస్తకం మందం కనిపించే భాగం) కలిపి ఒకే ఫైల్‌గా ఇవ్వాలి. వెన్ను మందం పేజీల సంఖ్య, కాగితం మందం బట్టి మారుతుంది, ఆ కొలత ప్రెస్ వాళ్లని అడిగి తీసుకోండి. కోతలో అంచు పోతుంది కాబట్టి బొమ్మని చుట్టూ సాధారణంగా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగిస్తారు. ఫోటోలు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల వివరంతో ఉండాలి. తెర మీద మెరిసే నీలాలు, ఆకుపచ్చలు అచ్చులో వాడే నాలుగు రంగుల సీఎంవైకే సిరాల్లో మందగిస్తాయి, అందుకని ప్రింట్ తీసి చూడకుండా రంగు ఖరారు చేయవద్దు. సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే ఇంక్‌స్కేప్, క్రిటా, స్క్రైబస్ ఉచితంగా దొరుకుతాయి, మొదలుపెట్టడానికి అవి చాలు.

ఇక ఉద్యోగం సంగతి. ఫైన్ ఆర్ట్స్ గానీ గ్రాఫిక్ డిజైన్ గానీ చదివితే మంచి గురువులు, తోటివాళ్లు, క్రమశిక్షణ దొరుకుతాయి. వీలుంటే పీజీలో అటు వెళ్లండి. కానీ కవర్ పని ఇచ్చేవాళ్లు పట్టా కన్నా మీ పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల నమూనాలు చూస్తారు. పెద్ద ప్రచురణ సంస్థల్లో డిజైన్ విభాగాలుంటాయి, అక్కడ ఆర్ట్ డైరెక్టర్ కింద జూనియర్‌గా చేరవచ్చు. చిన్న సంస్థలు, సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలు ఫ్రీలాన్సర్లకి పని ఇస్తారు. మీకు నిజం చెప్పాలి: మొదట్లో కవర్ల మీదే బతకడం కష్టం. చాలామంది లోపలి పేజీల లేఅవుట్, పత్రికల డిజైన్, పోస్టర్లు, ప్యాకేజింగ్ చేస్తూ పక్కన కవర్లు చేస్తారు. దాన్ని చిన్నతనంగా అనుకోకండి. లోపలి పేజీలు కూర్చినవాళ్లకి పుస్తకం ఒంటి తీరు తెలుస్తుంది.

ఇంకో సంగతి ముందే తెలిస్తే తర్వాత బాధ తగ్గుతుంది. కవర్ మీద ఆఖరి మాట డిజైనర్‌ది కాదు. సంపాదకుడు, అమ్మకాల విభాగం, రచయిత అందరూ మాట్లాడతారు. మీకు ఎంతో నచ్చిన రఫ్ పక్కకి పోతుంది. 'థ్రిల్లర్ అని దూరం నుంచే తెలియాలి' అంటారు. అది పూర్తిగా తప్పు కూడా కాదు, పాఠకుడు తనకి కావలసిన రకం పుస్తకాన్ని కొన్ని అలవాటైన సంకేతాలతోనే వెతుక్కుంటాడు. ఆ సంకేతాల్లో ఒకటో రెండో ఉంచి, మీ గుర్తుని వాటి మధ్య నిలబెట్టడం నేర్చుకోవాలి. పని ఒప్పుకునే ముందు ఎన్ని రఫ్‌లు ఇస్తారో, ఎన్నిసార్లు మారుస్తారో, మధ్యలో ఆగిపోతే ఎంత ఇస్తారో, హక్కులు ఎవరివో, పుస్తకంలో మీ పేరు వేస్తారో లేదో రాతలో తీసుకోండి. వాడే ఫాంట్‌కీ ఫోటోకీ లైసెన్స్ మీరే చూసుకోవాలి. ఏఐతో తీసిన బొమ్మ ఏదైనా వాడదలిస్తే ప్రచురణకర్తకి ముందే చెప్పండి. చెప్పకుండా వాడి తర్వాత బయటపడితే మీ మీద నమ్మకం పోతుంది.

పోర్ట్‌ఫోలియోకి ఎనిమిది, పది కవర్లు చాలు. కాపీరైట్ గడువు తీరిన పుస్తకాలు తీసుకుని, 'సొంత సాధన' అని కింద స్పష్టంగా రాయండి. వాటిలో ఒకే రచయితవి మూడు పుస్తకాలు ఒక వరుసగా కనిపించేలా చేయండి. ఒకటి వెన్ను, వెనకట్టతో సహా పూర్తిగా ఉండాలి. కథేతర పుస్తకం ఒకటైనా పెట్టండి, కవిత్వం ఒకటి పెట్టండి. ప్రతి కవర్ పక్కన రెండు వాక్యాలు రాయండి: పుస్తకంలో ఈ గుర్తు మీకు ఎక్కడ దొరికింది, మిగతావి ఎందుకు వదిలేశారు. సాహిత్యం చదివిన మీరు ఆ రెండు వాక్యాలు బాగా రాయగలరు.

వీటన్నిటికన్నా ముందు ఆ నవలకే తిరిగి వెళ్లండి. ఈ వారంలో రెండోసారి చదవండి, పెన్సిల్‌తో. కంప్యూటర్ తెరవకుండా, అగ్గిపెట్టె సైజులో ఇరవై రఫ్‌లు కాగితం మీద గీయండి. మొదటి అయిదింటిలో కిటికీలూ పక్షులూ మళ్లీ వస్తాయి, రానివ్వండి. ఆ తర్వాత వచ్చేవాటిలో రెండు ఎంచుకుని, నవలలో అవి ఏ పేజీల్లోంచి వచ్చాయో కింద రాసి, అదే ప్రచురణకర్తకి పంపండి. మొదటిసారి చెప్పిన మాట వల్ల మళ్లీ చదివానని, అందుకు కృతజ్ఞతలని రెండు ముక్కలు కూడా రాయండి. ఆ కవర్ ఇప్పటికే ఇంకొకరికి ఇచ్చేసి ఉండవచ్చు. అయినా పంపండి.