యాక్టిన్ మీద ఇంకా పరిశోధించడానికి ఏం మిగిలింది?

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి జేఆర్ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకున్న ఒకరు అడిగారు: "యాక్టిన్ మీద పనిచేసే ల్యాబ్‌లో పీహెచ్‌డీ సీటు వస్తోంది. కానీ ఎనభై ఏళ్ల కిందట కనుక్కున్న ప్రోటీన్ మీద ఇప్పుడు కొత్తగా చేసేదేముంటుంది? ఐదారేళ్లు పెట్టాక ఉద్యోగం వస్తుందా?"

యాక్టిన్ అంటే కండరాల్లోనూ, మామూలు కణాల్లోనూ పోగులు కట్టే ప్రోటీన్. సీటు వస్తే చేరమనే చెబుతాను. కాకపోతే ఆ ల్యాబ్‌లో యాక్టిన్‌ని వాళ్లే తయారు చేసుకుని కొలుస్తారా, లేక కణాలకు రంగు వేసి ఫొటోలు మాత్రమే తీస్తారా అన్నది ముందు కనుక్కోండి. మొదటిదైతే పెద్దగా ఆలోచించక్కర్లేదు. నా పీహెచ్‌డీ ఇక్కడే ఒక ప్రభుత్వ సంస్థలో, యాక్టిన్ మీదే. తర్వాత విదేశంలో చేసిన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన) కూడా దాని చుట్టూనే తిరిగింది.

ముందు "పాత ప్రోటీన్" సంగతి. బయాలజీ ల్యాబ్‌లో ఒక్క సెమిస్టర్ పనిచేసిన వాళ్లకైనా యాక్టిన్ తెలిసే ఉంటుంది. వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే శాంపిల్‌లో ఏ ప్రోటీన్ ఎంతుందో చూసే పరీక్షలో, మనకు కావాల్సిన ప్రోటీన్ పైన ఉంటే, కింద అన్ని శాంపిళ్లలోనూ ఒకేలా కనిపించే గీత ఒకటి పెడతాం చూడండి, సమానంగా లోడ్ చేశామని గైడ్‌కి, రివ్యూయర్‌కి నమ్మకం కలగడానికి, చాలాసార్లు అది బీటా యాక్టినే. చాలామందికి దానితో పరిచయం అక్కడితో ఆగిపోతుంది. అందుకే అందులో ఇంకేం లేదనిపిస్తుంది.

నిజానికి అది ఒక్క నిమిషం కుదురుగా ఉండే ప్రోటీన్ కాదు. ఉన్నది 375 అమైనో ఆమ్లాలు, బరువు 42 కిలోడాల్టన్లు. తగినంత ఉప్పు, మెగ్నీషియం దొరికితే విడివిడి అణువులన్నీ వరసగా అతుక్కుని 7 నానోమీటర్ల మందం ఉన్న మెలికల పోగులవుతాయి. పోగుకి రెండు కొసలూ ఒకలాంటివి కావు. చురుకైన కొస పెరగడానికి చుట్టూ 0.1 మైక్రోమోలార్ (సాంద్రత కొలత) యాక్టిన్ ఉంటే చాలు, రెండో కొసకి 0.6 దాకా కావాలి. కణానికి ఇంధనం లాంటి ఏటీపీ ఖర్చవుతున్నంతసేపు ఒకవైపు చేరుతూ రెండోవైపు ఊడుతూ ఉంటుంది, దీన్నే ట్రెడ్‌మిల్లింగ్ అంటారు. కణం పాకడం, రెండుగా విడిపోవడం, తెల్ల రక్తకణం బ్యాక్టీరియాని మింగడం, అన్నీ ఈ పోగులు పెరగడం మీద, తరగడం మీద, వాటిని మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ లాగడం మీద ఆధారపడినవే. ఇక్కడ ఒక చిక్కుంది. కణంలో ఉండే యాక్టిన్ సాంద్రత ఆ 0.1 కంటే వందల రెట్లు ఎక్కువ, లెక్క ప్రకారం దాదాపు మొత్తం పోగులైపోవాలి, కానీ చాలా కణాల్లో సగం దాకా విడిగానే ఉంటుంది. ప్రొఫిలిన్, థైమోసిన్ బీటా-4 లాంటి ప్రోటీన్లు దాన్ని పట్టి ఉంచుతాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత వదలాలో ఎలా నిర్ణయమవుతుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఈ రంగం చరిత్ర చూస్తే "ఇక అయిపోయింది" అనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్త పద్ధతితో వచ్చి మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టించారు. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, హంగరీలోని సెగెడ్‌లో ఆల్బర్ట్ సెంట్ జార్జి ల్యాబ్ ఉండేది. పాప్రికా మిరపకాయల నుంచి విటమిన్ సి తీసినాయన ఆయనే, 1937లో నోబెల్ అందుకున్నారు. ఆ ల్యాబ్‌లో ఇలోనా బంగా కండని ఉప్పు ద్రావణంలో కాసేపు ఉంచి తీస్తే పలుచని మయోసిన్ వచ్చింది, రాత్రంతా వదిలేస్తే బాగా చిక్కటిది వచ్చింది. ఆ చిక్కటి దానిలో ఏటీపీ వేస్తే మళ్లీ పలుచబడింది. చిక్కదనానికి కారణం మయోసిన్ కాదని, దానితో కలిసి బయటికొచ్చిన ఇంకో ప్రోటీన్ అని బ్రూనో స్ట్రాబ్ తేల్చారు. అదే యాక్టిన్. యుద్ధం వల్ల బయటి ప్రపంచానికి ఈ విషయం ఆలస్యంగా తెలిసింది.

తర్వాత చాలాకాలం దీన్ని కండరాల వ్యవహారంగానే చూశారు. 1966లో జపాన్‌లో హతానో, ఒసావా కండరమే లేని ఒక జిగురు బూజు నుంచి యాక్టిన్‌ని వేరుచేశారు. 1974లో లజారిడెస్, వెబర్ యాంటీబాడీతో మామూలు కణాల్లో ఆ పోగుల్ని అందరి కళ్లకూ కనిపించేలా చేశారు. ఇక అణు నిర్మాణం కావాలంటే స్ఫటికం కావాలి, కానీ సాంద్రత పెంచగానే యాక్టిన్ స్ఫటికం కట్టకుండా పోగులు కడుతుంది. 1990లో హైడెల్‌బర్గ్‌లో కబ్ష్, హోమ్స్ బృందం డీఎన్ఏస్-1 అనే వేరే ప్రోటీన్‌ని దానికి తగిలించి, పోగు కట్టకుండా అడ్డుకుని ఆ పని సాధించింది. ఇప్పుడు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో (శాంపిల్‌ని గడ్డకట్టించి చూసే పద్ధతి) పోగు లోపల ఇరుక్కున్న నీటి అణువులు కూడా కనిపిస్తున్నాయి, అది 2022 సంగతి. ఎనభై ఏళ్ల కిందటి ప్రోటీన్‌లో నీళ్లు ఎక్కడున్నాయో మొన్న తెలిసింది!

నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది ఆర్ప్2/3 అనే ప్రోటీన్ల గుంపు కథ. 1994లో అమెరికాలో థామస్ పోలార్డ్ ల్యాబ్‌లో లారా మచెస్కీ, ప్రొఫిలిన్ బిగించిన కాలమ్‌లో అమీబా సారం పోస్తే, ఎవరూ వెతకని ఈ గుంపు దానికి అంటుకుని వచ్చింది. ఉన్న పోగు పక్కనుంచి దాదాపు 70 డిగ్రీల కోణంలో కొత్త పోగుని మొలిపించేది అదేనని తర్వాతి ఏళ్లలో తేలింది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా మన కణంలోకి దూరి, ఇదే యంత్రాంగాన్ని వాడుకుని వెనక యాక్టిన్ తోక కట్టుకుని పరుగెడుతుంది. 1999లో ఫ్రాన్స్‌లో మారీ ఫ్రాన్స్ కార్లియే బృందం కణం అనేదే లేకుండా, శుద్ధి చేసిన కొద్దిపాటి ప్రోటీన్లను కలిపి, ఆ మిశ్రమంలో లిస్టీరియాని నడిపించింది. ఏవి ఉంటే చాలో, ఏవి తీసేస్తే ఆగిపోతుందో అప్పుడు తెలిసింది. నేను ఈ రంగంలోకి వచ్చింది ఆ పేపర్ చదివే.

ఇక రోజువారీ పని. ప్రాస్పెక్టస్‌లో ఇవి రాయరు. చికెన్ షాపుకి వెళ్లి బ్రెస్ట్ పీస్ అడుగుతాం, కర్రీ కట్టా అంటాడు, కాదు బాబూ ముక్కలు చేయొద్దు, ఇప్పుడే కోసింది కావాలి, ఐస్‌లో పెట్టి ఇవ్వు అంటే వింతగా చూస్తాడు. దాన్ని కోల్డ్ రూమ్‌లో కైమా కొట్టి, ఉప్పు ద్రావణంతో మయోసిన్ లాగేసి, అసిటోన్‌తో కడిగి ఆరబెడితే పొడి వస్తుంది, ఫ్రీజర్‌లో నెలల తరబడి ఉంటుంది. అవసరమైనప్పుడు కొంచెం తీసి, ఏటీపీ ఉన్న బఫర్‌లో నానబెట్టి, వడకట్టి, ఉప్పు వేసి పోగులు కట్టించి, ఉప్పు ఇంకా పెంచి పోగులకి అంటుకుని ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్‌ని వదిలించి, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగినదాన్ని మళ్లీ విడగొట్టి, రెండు మూడు రోజులు డయాలసిస్ చేసి (పొర సంచిలో పెట్టి బఫర్ మారుస్తూ ఉంచడం), చివరికి సైజుని బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్. సోమవారం మొదలుపెడితే వారం అయిపోతుంది. ఏటీపీ అయిపోతే ప్రోటీన్ చచ్చిపోతుంది, కాబట్టి ఆదివారమైనా బఫర్ మార్చాలి. మే నెలలో బయట ఎండ మండిపోతుంటే మేం స్వెటర్లు వేసుకుని కోల్డ్ రూమ్‌లో నిలబడేవాళ్లం. బయటి నుంచి రావాల్సిన ఫ్లోరోసెంట్ డై ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, ఆ టెన్షన్ వేరు.

కానీ ఫలితం ఎంత శుభ్రంగా ఉంటుందంటే, యాక్టిన్‌కి పైరీన్ అనే డై తగిలించి ఉప్పు వేశారనుకోండి, పోగులు కడుతున్నకొద్దీ వెలుగు పెరుగుతుంది, దాదాపు ఇరవై రెట్లు. మొదట కాసేపు గ్రాఫ్ కదలదు, ఎందుకంటే మూడు అణువులు కుదురుగా కలవడమే కష్టం, ఆ తర్వాతే వేగం. ముందే కట్టిన పోగు ముక్కలు కొన్ని కలిపితే ఆ ఆలస్యం మాయమైపోతుంది. పాలకి తోడు వేసినట్టన్నమాట. మీ ప్రోటీన్ ఏదైనా కలిపినప్పుడు గ్రాఫ్ ఆకారం మారిన తీరుని బట్టి, అది కొత్త పోగుల్ని పుట్టిస్తోందా, కొసలు మూసేస్తోందా, విరగ్గొడుతోందా అని వాదించొచ్చు. ఆ వాదన సరిపోకపోతే టర్ఫ్ (గాజుకి ఆనుకుని ఉన్నవాటినే వెలిగించి చూపే) మైక్రోస్కోప్ కింద ఒక్కో పోగు పెరగడాన్ని నేరుగా చూడొచ్చు. మొదటిసారి చూసిన రోజు నేను భోజనానికి కూడా వెళ్లలేదు.

ఫొటోల ల్యాబ్ గురించి అలా ఎందుకన్నానంటే, కణాలకి ఫాలాయిడిన్ వేస్తే పోగులు అద్భుతంగా కనిపిస్తాయి. విషపు పుట్టగొడుగు నుంచి వచ్చిన పదార్థం అది, పోగుల్ని గట్టిగా పట్టుకుంటుంది. దాంతో "మా జీన్ తీసేస్తే యాక్టిన్ పెరిగింది" అని రాసేసే పేపర్లు కోకొల్లలు. పెరిగింది సరే, ఎందుకు? కొత్తవి ఎక్కువ పుట్టాయా, పాతవి కూలడం తగ్గిందా? ఫొటో అది చెప్పదు. ఐదేళ్లు అలాంటి ఫొటోలు మాత్రమే తీస్తే చేతికి వచ్చే నైపుణ్యం తక్కువ, ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉంటారు.

మిగిలిన ప్రశ్నలంటారా? మనిషిలో యాక్టిన్ జీన్లు ఆరు. బీటా, గామా యాక్టిన్లకి తేడా నాలుగే అమైనో ఆమ్లాలు. బీటా జీన్ పూర్తిగా తీసేస్తే ఎలుక పిండం బతకదు. కానీ అదే జీన్‌లో కొన్ని అక్షరాలు మాత్రం మార్చి, దాని నుంచి గామా ప్రోటీన్ వచ్చేలా చేస్తే ఎలుకలు బాగానే ఉన్నాయని 2017లో చూపించారు. అంటే అక్కడ ముఖ్యమైంది ప్రోటీనా, జీన్ వరసా? దీని మీద ఇప్పటికీ పని జరుగుతోంది. మలేరియా పరాన్నజీవి యాక్టిన్ పొట్టి పోగులే ఎందుకు కడుతుందన్నది ఇంకోటి. మన దేశంలోనే బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సత్యజిత్ మేయర్, భౌతిక శాస్త్రవేత్త మదన్ రావుతో కలిసి, కణం పొర మీద కొన్ని ప్రోటీన్లు గుంపులు కట్టడానికి పొర కింది యాక్టిన్ కారణమని చూపించారు. గణితం ఇష్టమైతే ఆ వైపు చూడండి.

ఉద్యోగం మాట నిజం చెప్పాలి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ 42,000, ఇంటద్దె అలవెన్స్ వేరే. అది సమయానికి పడుతుందని లెక్కేసుకుని ఈఎంఐలు పెట్టుకోకండి. ఫ్యాకల్టీ ఉద్యోగాలు తక్కువ, పోస్ట్‌డాక్ లేకుండా దాదాపు రావు. యాక్టిన్ నిపుణులు కావాలని ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు, కానీ ప్రోటీన్ శుద్ధి, కైనెటిక్స్ (చర్యల వేగం కొలవడం), మైక్రోస్కోపీ చేతితో చేసినవాళ్లు బయోలాజిక్స్ (ప్రోటీన్ల లాంటి మందులు చేసే) కంపెనీలకి కావాలి. నాతో చదివినవాళ్లలో కొందరు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఆ పనే చేస్తున్నారు. మందుల దాకా వెళ్లిన దారీ ఉంది: 1983లో షీట్జ్, స్పుడిచ్ ఒక నాచు కణంలోని యాక్టిన్ మీద మయోసిన్ పూసిన చిన్న పూసలు జారడం చూపించారు. అదే స్పుడిచ్ తర్వాత సహస్థాపకుడిగా ఉన్న కంపెనీ నుంచి, గుండె కండరం మందమయ్యే జబ్బుకి మవాకాంటెన్ అనే మందు వచ్చి 2022లో అమెరికాలో అనుమతి పొందింది. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు.

కాబట్టి సీటు ఒప్పుకునే ముందు ఒకసారి ఆ ల్యాబ్‌కి వెళ్లి రండి. యాక్టిన్ ఎవరు తయారు చేస్తారు, కొని తెస్తారా, అల్ట్రాసెంట్రిఫ్యూజ్ సొంతమా, ఇంకో డిపార్ట్‌మెంట్‌లో బుక్ చేసుకోవాలా, ఇక్కడ పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఇవి అడగండి. గైడ్ ముందు కాదు, థీసిస్ రాస్తున్న సీనియర్‌ని క్యాంటీన్‌కి తీసుకెళ్లి అడగండి.