మనుకా తేనె: ఆ మాటకు అర్థం ఏమిటి, ఎలా పలకాలి?

సరైన పలుకు 'మానుక': మొదటి అక్షరం దీర్ఘం, మిగతా రెండూ హ్రస్వం. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల భాషలో అది తెల్లటి చిన్న పూలు పూసే ఒక పొదచెట్టు పేరు.

మావోరీ అచ్చులు ఐదే (అ, ఎ, ఇ, ఒ, ఉ), ప్రతిదానికీ దీర్ఘం ఉంటుంది. రోమన్ లిపిలో ఆ దీర్ఘాన్ని అక్షరం మీద చిన్న అడ్డగీతతో చూపిస్తారు. సీసాల మీద చాలాసార్లు ఆ గీత కనపడదు. దాంతో ఇంగ్లీషు అలవాటులో నడిమి అక్షరాన్ని సాగదీసి 'మనూకా' అంటారు. తెలుగువాళ్లకు ఆ అవస్థ అక్కర్లేదు. కల, కాల వేరని మనకు పలకతోనే తెలుసు కదా!

దీర్ఘం పోతే అర్థమే మారిపోవచ్చు. 'అవతార్' సినిమాకు గ్రాఫిక్స్ చేసిన వెల్లింగ్టన్ సంస్థ పేరు 'వేటా'. అది న్యూజిలాండ్‌లో ఉండే, మిడతల జాతికి దగ్గరి ఒక పెద్ద పురుగు పేరు. రెండు అచ్చులనూ కుదించి 'వెట' అంటే మలం అని అర్థం! 2021లో పేరు మార్చుకున్నప్పుడు ఆ సంస్థ గీతలను కూడా చేర్చుకుంది. మంచి పని చేసింది.

చాలామంది మనుకా అంటే తేనె అమ్మే కంపెనీ అనుకుంటారు. కాదు. ఆ పూల మకరందం నుంచి వచ్చిన తేనెను ఎన్నో కంపెనీలు అదే పేరుతో అమ్ముతాయి.