నెల్లూరు కార్పొరేషన్ కరెంటు తీసుకుంటే బిల్లు తగ్గుతుందా? త్రిస్సూర్‌లో ఉండి వచ్చిన నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "త్రిస్సూర్‌లో, ముంబైలో కార్పొరేషన్లే కరెంటు ఇస్తాయంట. నెల్లూరు కార్పొరేషన్ కూడా అట్లా తీసుకుంటే మన బిల్లు తగ్గుతుందా? అసలు అక్కడ దాన్ని నడిపేదెవరు, లెక్క అడిగేదెవరు?"

బిల్లు తగ్గదు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి నేను.

మాది ఇందుకూరుపేట పక్కన పల్లె. కేరళలోని త్రిస్సూర్‌లో 6 ఏళ్ళు ఒక నగల కొట్టులో లెక్కలు రాశాను. పెద్ద కొట్టు ఊరి నడుమ స్వరాజ్ రౌండ్ మీద, చిన్నది కూర్కంచేరిలో. రౌండ్ మీద కొట్టుకు బిల్లు ఇచ్చేది కార్పొరేషన్ విద్యుత్ విభాగం. కూర్కంచేరి కొట్టుకు ఇచ్చేది రాష్ట్ర విద్యుత్ బోర్డు. ఒకే ఊరికి ఇద్దరు ఎందుకంటే, కరెంటు హక్కు ఉన్నది పాత మునిసిపాలిటీ హద్దు వరకే. 2000లో కూర్కంచేరి లాంటి చుట్టుపక్కల పంచాయతీలను కలిపి కార్పొరేషన్ చేశారు, తీగలు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. నెలనెలా రెండు బిల్లులూ నా బల్ల మీదికే వచ్చేవి. ఒకే కేటగిరీ, యూనిట్ రేటు పైసాతో సహా ఒకటే. మొదట్లో నేనూ ఆశ్చర్యపోయాను.

కారణం చాలా తేలిక. కరెంటు ఎవరు పంచినా ధర పెట్టేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. త్రిస్సూర్ కార్పొరేషన్ సొంతంగా కరెంటు తయారు చేసుకోదు. విద్యుత్ బోర్డు దగ్గర టోకున కొని ఊళ్ళో చిల్లరగా అమ్ముతుంది. టోకు ధరా కమిషన్ పెట్టిందే, చిల్లర ధరా కమిషన్ పెట్టిందే. మధ్యలో మిగిలే దాంట్లోంచే స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, జీతాలు అన్నీ. ఇరుకు ఊరు, నిండా దుకాణాలు, పొట్టి లైన్లు కాబట్టి నడుస్తుంది. పంచేవాళ్ళ స్తోమతను బట్టి టోకు ధర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది కూడా. బాగా మిగిలే ఊరికి టోకు ధర ఎక్కువ పెట్టి సరిచేస్తారు.

ఇక నడిపేది. విభాగంలో ఇంజనీర్లు, లైన్‌మ్యాన్లు కార్పొరేషన్ ఉద్యోగులు. బడ్జెట్ ఎన్నికైన కౌన్సిల్ ముందుకు వస్తుంది. అక్కడ నాకు నచ్చింది ఇదే. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ చాలడం లేదంటే ఇంటి ఓనరమ్మ నేరుగా వార్డు కౌన్సిలర్‌ను ఆపి అడిగేది. చేపలు తెచ్చుకుంటూ సంచీ చేతిలో పట్టుకునే అడిగేది. అతను మళ్ళీ ఓట్లకు రావాలి కాబట్టి నిలబడి వినేవాడు. మన కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు మంచివారే కావచ్చు, కానీ ఆయనకు మన ఓటుతో పని లేదు.

ఆ ఊరివాళ్ళకు కరెంటు మీద అంత హక్కు భావం ఊరికే రాలేదు. 1936లో కొచ్చిన్ సంస్థానం దివాను ఆర్.కె. షణ్ముఖం చెట్టి త్రిస్సూర్ కరెంటు పంపిణీని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఊరంతా తిరగబడింది. కేరళ చరిత్రలో దాన్ని విద్యుత్ ఉద్యమం అంటారు. తర్వాత పంపిణీ మునిసిపాలిటీ చేతికి వచ్చింది. ఆ దివానే స్వతంత్ర భారతదేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. మా కొట్టులో ముసలి గుమాస్తా ఒకాయన ఈ కథ నిన్న జరిగినట్టు చెప్పేవాడు.

ముంబై సంగతి వేరే. అక్కడ బెస్ట్ సంస్థ బస్సులూ నడుపుతుంది, దక్షిణ ముంబైకి కరెంటూ ఇస్తుంది. 1947 ఆగస్టు 7న నగరపాలక సంస్థ దాన్ని తీసుకుంది. పైన జనరల్ మేనేజర్, ఆయన మీద కార్పొరేటర్ల బెస్ట్ కమిటీ. బస్సుల్లో వచ్చే నష్టాన్ని ఏళ్ళ తరబడి కరెంటు బిల్లులోనే వసూలు చేశారు. 2003 విద్యుత్ చట్టం 51వ సెక్షన్‌లో, చట్టం రాకముందు నుంచే కరెంటు పంచుతున్న స్థానిక సంస్థలకు ఒక మినహాయింపు ఉంది. దాని ఆధారంగా జరిగింది అది. ఊరి సంస్థ చేతిలో కరెంటు ఉంటే చౌక అనుకునేవాళ్ళు ఇది ఒక్కసారి ఆలోచించాలి. ఒక జేబులో చిల్లు పడితే ఇంకో జేబులోంచి తీస్తారు, రెండు జేబులూ మనవే. కరెంటు లెక్క వేరు, కార్పొరేషన్ లెక్క వేరు అని గీత గీసి ఉంచకపోతే, కరెంటు డబ్బు ఎటు పోయిందో కనుక్కోవడానికి నాలాంటి గుమాస్తాలు పదిమంది కూర్చున్నా చాలదు.

అమెరికాలో ఇంకో దారి. మా పిన్ని కూతురు సాక్రమెంటోలో ఉంటుంది. అక్కడ కరెంటు సంస్థకు ఏడుగురు డైరెక్టర్లను వార్డుల వారీగా జనమే ఎన్నుకుంటారు, రేట్లు పెట్టేదీ ఆ బోర్డే. లాస్ ఏంజెలెస్‌లో అయితే కరెంటు సంస్థను చూసే అయిదుగురు కమిషనర్లను మేయర్ నియమిస్తే నగర కౌన్సిల్ ఆమోదించాలి. అక్కడి పద్ధతిని ఇక్కడికి అట్లాగే ఎత్తుకొచ్చి పోల్చకండి. మన దేశంలో రేటు మేయర్ చేతిలోనూ ఉండదు, కౌన్సిల్ చేతిలోనూ ఉండదు.

ఇప్పుడు మన నెల్లూరు. మనకు కరెంటు ఇచ్చే ఎస్పీడీసీఎల్ తిరుపతి కేంద్రంగా ఉన్న రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ. ఇట్లా కరెంటు పంచే కంపెనీనే డిస్కం అంటారు. ఒంగోలు వాళ్ళు కూడా ఒకప్పుడు ఇందులోనే ఉండేవాళ్ళు. 2020లో ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాలను విడదీసి విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్ అనే ఇంకో కంపెనీ చేశారు. కంపెనీ అధిపతి సీఎండీని, డైరెక్టర్లను పెట్టేది ప్రభుత్వం. జిల్లాలో పెద్ద ఇంజనీరు ఎస్ఈ, ఆయన కింద డీఈ, ఏడీఈ, ఏఈ, లైన్‌మ్యాన్, సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్. ఈ వరసలో మనం ఎన్నుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. లెక్కలు ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ చూస్తుంది. రేట్లు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ చూస్తుంది.

కొత్తగా కార్పొరేషన్ దిగాలంటే కమిషన్ దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. పాతవాళ్ళకున్న మినహాయింపులు దానికి రావు. అయినా నా అభ్యంతరం చట్టం గురించి కాదు. ట్రంకు రోడ్డు, ఆచారి వీధి నగల కొట్లు, పొగతోట ఆసుపత్రులు, ఇవన్నీ ఎక్కువ రేటు కట్టే కనెక్షన్లు. ఉదయగిరి, సీతారామపురం వైపు మైళ్ళకొద్దీ లైను లాగితే నాలుగు మీటర్లు. టౌను డబ్బు అటు కొంత పోబట్టే అక్కడ దీపం వెలుగుతోంది. నెల్లూరు టౌనును విడిగా కోసి కార్పొరేషన్‌కు ఇస్తే టౌను లాభపడొచ్చేమో గానీ, మిగిలిన జిల్లా లైన్ల ఖర్చు ఎవరు మోస్తారు? పల్లె నుంచి వచ్చినవాణ్ణి, నేను దీనికి ఒప్పుకోలేను.

రాయితీల విషయంలోనూ చాలామంది పొరబడతారు. రైతు మోటార్లకు 2004 నుంచి ఉచితం అంటే డిస్కం దానం చేస్తోందని కాదు. చట్టం 65వ సెక్షన్ ప్రకారం, కమిషన్ పెట్టిన రేటు కంటే తక్కువకు ఇవ్వమంటే ఆ తేడా ప్రభుత్వం ముందుగా కట్టాలి. రొయ్యల గుంటలకు కమిషన్ రేటు యూనిట్‌కు 3 రూపాయల 85 పైసలుగా ఉంటే, అర్హులైన రైతుకు రూపాయిన్నరకు ఇచ్చినప్పుడు మిగతాది ప్రభుత్వ ఖాతాలోదే. ఆ డబ్బు ఎంత, ఎప్పుడు వచ్చింది అనేది ప్రతి కరెంటు వినియోగదారుడూ అడగాల్సిన ప్రశ్న.

అడిగే చోటు ఉంది కూడా. చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కం వచ్చే ఏటి ఖర్చు, రాబడి అంచనాలు కమిషన్‌కు ఇవ్వాలి, వాటిని జనం చూడటానికి ప్రచురించాలి, వచ్చిన అభ్యంతరాలు విన్నాకే ఆర్డరు రావాలి. ఆ ఆర్డరు ఇవ్వడానికి కమిషన్‌కు 120 రోజులు గడువు. ఎవరైనా రాయవచ్చు, వకీలు అక్కర్లేదు. మీ సొంత బిల్లు, మీటరు, సర్వీసు గొడవ అయితే దారి వేరు: ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి, అక్కడా తృప్తి లేకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. కాగితం మీద నంబరు లేకుండా ఏదీ ముందుకు కదలదు, ఇది గుర్తుపెట్టుకోండి.

మా బావకు 8 ఎకరాల రొయ్యల గుంటలు. రాత్రిపూట అరగంట ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) ఆగితే రొయ్య పైకి తేలుతుంది, పంట పోయినట్టే. నేను ఊరికి తిరిగొచ్చిన ఏడాది డిస్కం అంచనాల పుస్తకం తెచ్చి ఇద్దరం వసారాలో కూర్చుని చదివాం. ఆయన 7వ తరగతి చదివాడు. అంకెలు చూసి భయపడతాడనుకున్నాను. వేలు పెట్టి ఒక్కో వరసా చదివించుకుని, "ఇది మన జమాఖర్చు పుస్తకమే గదా అబ్బయ్యా, సున్నాలు ఎక్కువ అంతే" అన్నాడు. ఒకటే కోరిక రాశాం: పనుల కోసం ఫీడర్ లైను తీసేటప్పుడు ముందురోజే గుంటల రైతులకు ఫోన్‌లో మెసేజ్ రావాలి, ఆ పని పగలే కావాలి. ఎస్ఈ ఆఫీసుకు పోయి వీడియోలో కమిషన్ వాళ్ళ ఎదుట మాట్లాడాడు. మాటలు తడబడ్డాయి, నుదుట చెమట పట్టింది, కానీ కాగితం చూడకుండానే చెప్పాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆర్డరు వచ్చాక చూస్తే అందులో ఆయన అభ్యంతరం, దాని కింద డిస్కం జవాబు, దాని కింద కమిషన్ మాట, మూడూ అచ్చయి ఉన్నాయి. ఆ పేజీ జిరాక్సు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మోటారు షెడ్డులో స్టార్టర్ డబ్బా పక్కన మేకుకు తగిలించాడు. లైన్‌మ్యాన్ వచ్చినప్పుడల్లా టీ ఇచ్చి దాన్ని చూపిస్తాడు.