టెక్ సందేహాలు: హంతకుణ్ని పట్టించిన ఫ్లాపీ

ప్రశ్న: కిండిల్ ఈ-బుక్ రీడర్‌లో సీరియల్ కిల్లర్ నవలలు తెగ చదువుతాను. కొన్ని వాక్యాల కింద చుక్కల గీత, పక్కనే ఇంతమంది హైలైట్ చేశారని అంకె కనిపిస్తున్నాయి. ఆ గీత చూడగానే ఇక్కడేదో క్లూ ఉందని తెలిసిపోతోంది. తీసేయొచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: నిక్షేపంగా తీసేయొచ్చు. అద్దె పుస్తకాల షాపుల రోజుల్లో మనకంటే ముందు చదివిన మహానుభావుడెవరో మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్నుతో రాసిపెట్టేవాడు. ఇప్పుడా పని వందలమంది కలిసి చేస్తున్నారు, అంతే తేడా. కిండిల్ సెట్టింగ్స్‌లో రీడింగ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాపులర్ హైలైట్స్ ఆపేయండి.

కిండిల్‌లోని ‘ఎక్స్-రే’ అనే సదుపాయం జోలికి కూడా పోకండి. ఒక పాత్ర పుస్తకంలో ఎక్కడెక్కడ వస్తుందో అది చూపిస్తుంది. సగం తర్వాత ఆ పేరే లేదంటే పాపం ఆ మనిషి గతేమైందో వేరే చెప్పాలా? పుస్తకం ఎంత అయిందో చూపే శాతం కూడా, కింద ఎడమ మూలన నొక్కుతూ పోతే మాయమవుతుంది. 60 శాతం దగ్గరే పోలీసులు ఎవరినో అరెస్టు చేస్తే, వాడు కాదని ఆ అంకే చెప్పేస్తుంది మరి.

ప్రశ్న: ఒక ఇంగ్లిష్ పోలీసు నవలలో హంతకుడు పోలీసులకు ఫ్లాపీ (పాతకాలపు కంప్యూటర్ డిస్కు) పంపుతాడు. అందులో డిలీట్ చేసిన ఫైల్ తీసి వాళ్లు అతని పేరు కనుక్కుంటారు. ఇది జరిగే పనేనా? నేను కలం పేరుతో పత్రికలకు వర్డ్ ఫైల్‌లో కథలు పంపుతుంటాను. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: జరిగే పని కాదు, జరిగిపోయిన పని. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విచిటా నగరం. 1974 నుంచి 1991 దాకా పదిమందిని చంపి, తనకు తానే ‘బీటీకే’ (కట్టేయ్, హింసించు, చంపు అనే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు) అని పేరు పెట్టుకున్న హంతకుడు చాలా ఏళ్లు పోలీసులకు చిక్కలేదు. 2004లో మళ్లీ ఉత్తరాలు మొదలుపెట్టాడు. ఫ్లాపీలో పంపితే నా ఆచూకీ దొరుకుతుందా, నిజం చెప్పండి అని పోలీసులనే అడిగాడు! వాళ్లు పేపర్లో చిన్న ప్రకటన వేసి, పర్వాలేదని సంకేతం ఇచ్చారు. ఏ నవలా రచయితైనా ఇలా రాస్తే నమ్మేలా లేదని పక్కన పడేస్తాం.

2005 ఫిబ్రవరి 16న ఫ్లాపీ ఒక టీవీ స్టేషన్‌కి చేరింది. అందులో డిలీట్ చేసిన వర్డ్ ఫైల్ ఒకటి పోలీసులకు దొరికింది. డిలీట్ కొడితే పోయేది ఫైల్ కాదు, జాబితాలో దాని పేరు. రేషన్ జాబితాలో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి ఊళ్లో లేకుండా పోడు కదా! ఆ చోట కొత్త డేటా పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఆ ఫైల్ వెనక వర్డ్ తనంతట తాను రాసుకున్న వివరాలు రెండు: ఒక లూథరన్ చర్చి పేరు, చివరిసారి మార్చినవాళ్లు ‘డెనిస్’ అని. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ చర్చి కౌన్సిల్ అధ్యక్షుడు డెనిస్ రేడర్ అని తేలింది. హత్య జరిగిన చోట దొరికిన డీఎన్ఏని అతని కూతురి పాత వైద్య పరీక్ష నమూనాతో పోల్చి చూసి, ఫిబ్రవరి 25న అరెస్టు చేశారు. ఉత్తరాలతో సాగిన దోబూచులాట ఫ్లాపీతో తొమ్మిది రోజుల్లో ముగిసింది.

ఇక మీ సంగతి. మీ వర్డ్ కూడా అదే పని చేస్తుంది. కథ కాపీ ఒకటి తీసి, ఫైల్ మెనూలో ఇన్ఫో, అక్కడ ‘చెక్ ఫర్ ఇష్యూస్’, తర్వాత ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నొక్కండి. పర్సనల్ ఇన్ఫర్మేషన్ దగ్గర ‘రిమూవ్ ఆల్’ కొట్టి సేవ్ చేయండి. పీడీఎఫ్‌గా పంపేటట్లయితే ఇది చేశాకే మార్చండి, లేకపోతే రచయిత పేరు అందులోకీ వెళ్లొచ్చు. ఇంతా చేసి సొంత పేరున్న ఈ-మెయిల్ నుంచి పంపితే మాత్రం నేనేం చేయలేను!

డిలీట్ చేసిన ఫైల్ తిరిగి రావడం పాత హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో ఇప్పటికీ ఉంది. అమ్మేముందు క్విక్ ఫార్మాట్ సరిపోదు, పూర్తి ఫార్మాట్ చేయండి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే దాని తాళంచెవే పోతుంది. మెమరీ కార్డు మాత్రం మర్చిపోకుండా తీసుకోండి.

ప్రశ్న: నవలల్లో డిటెక్టివ్ స్క్రీన్ మీద ఎర్రచుక్క కదులుతూ హంతకుడు ఏ గదిలో ఉన్నాడో చెప్పేస్తుంది. సెల్ టవర్‌తో అంత కచ్చితంగా తెలుస్తుందా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: టవర్ ఒక్కదానితో తెలియదు. ఫోన్ ఏ టవర్‌కి, దానిలో ఏ దిక్కుకి తగులుకుందో మాత్రమే రికార్డవుతుంది. టవర్లు దగ్గరదగ్గరగా ఉండే నగరంలో అది కొన్ని వీధుల మేర, పల్లెల్లో కొన్ని కిలోమీటర్ల మేర ఉంటుంది. గది దాకా రావాలంటే ఫోన్‌లోని జీపీఎస్, వైఫై వివరాలు కావాలి. మీ ఫోన్ తీసిన ఫొటోలో ఆ చుక్క దాక్కుని ఉండొచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉందేమో ఓసారి చూసుకోండి.