స్పీడ్ టెస్ట్ బాగానే ఉన్నా ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదిస్తుంటే, రూటర్ మార్చే ముందు చూడవలసినవి

మీరు చెప్పినదాన్ని బట్టి మీకు 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది, స్పీడ్ టెస్ట్‌లో 90 దాకా వస్తోంది, అయినా సాయంత్రం పూట వీడియో కాల్‌లో మాట తెగిపోతోంది, వెబ్‌పేజీలు తెరుచుకోవడం ఆలస్యమవుతోంది. ఇప్పుడు కొత్త రూటర్ కొనాలా, పెద్ద ప్లాన్‌కు మారాలా అన్నది మీ ప్రశ్న. ప్రస్తుతానికి రెండూ వద్దు. ఆలస్యం వైఫైలో పుడుతోందా, ఇంటి నుంచి బయటికి వెళ్లే లైన్‌లోనా, లేక సర్వీస్ ప్రొవైడర్ దగ్గరా అన్నది ముందు తేలాలి. అది తేలకుండా పెట్టే ఖర్చు ఫలిస్తుందన్న నమ్మకం లేదు.

మా ఇంట్లో అచ్చం ఇలాంటి ఇబ్బందే వచ్చినప్పుడు దారి చూపింది స్పీడ్ టెస్ట్ కాదు, పింగ్, అంటే ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే కమాండ్. రూటర్‌కు ల్యాన్ కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో రెండు కమాండ్ విండోలు పక్కపక్కనే తెరిచి, ఒకదానిలో రూటర్ చిరునామాకు, అంటే నెట్‌వర్క్ వివరాల్లో డిఫాల్ట్ గేట్‌వే అని కనిపించే అంకెలకు, రెండోదానిలో 8.8.8.8 వంటి బయటి చిరునామాకు ఆగకుండా పింగ్ నడిపాను. విండోస్‌లోనైతే కమాండ్ చివర హైఫన్, టీ (-t) చేర్చితే మనం ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. రూటర్ నుంచి జవాబు ఒక మిల్లీసెకను లోపే వస్తోంది. బయటి చిరునామా నుంచి వచ్చే జవాబు మాత్రం మామూలుగా 10, 12 దగ్గర ఉండేది ఉన్నట్టుండి 300, 400 దాటి, కొంతసేపటికి మళ్లీ దిగిపోతోంది. ఇంట్లో ఒక ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టగానే ఈ అంకెలు ఎక్కడం మొదలవుతోందని ఆ తెర ముందు కూర్చుని చూస్తేనే బోధపడింది. ఆ ఫోన్ పగలు తీసిన ఫొటోలను, వీడియోలను ఛార్జింగ్ అందగానే క్లౌడ్‌కు పంపుతోంది.

ఇందులోని కారణాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ లక్షణాలు కూడా దీనికే దగ్గరగా ఉన్నాయి. అప్‌లోడ్ దారి పూర్తిగా నిండిపోయినప్పుడు, వెంటనే పంపలేని ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, రూటర్ తన బఫర్‌లో, అంటే తాత్కాలికంగా దాచుకునే చోట, వరుసగా నిలబెడుతుంది. ఆ వరుస పొడవైతే, పెద్ద వీడియో ఫైలు ముక్కల వెనుక మీ కాల్‌కు చెందిన చిన్న ప్యాకెట్ కూడా తన వంతు వచ్చేదాకా ఆగవలసిందే. డౌన్‌లోడ్ అయిన ప్రతి భాగానికీ మన వైపు నుంచి అందినట్టు ఒక రసీదు తిరిగి వెళ్లాలి కాబట్టి, అప్‌లోడ్ ఇరుక్కుంటే డౌన్‌లోడ్ కూడా మందగిస్తుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు చేసిన స్పీడ్ టెస్ట్‌లో ఇది కనిపించదు. అందుకే మీకు 90 వస్తున్నా కాల్ తెగుతుండవచ్చు.

విరుగుడు రెండు విధాలుగా చేసుకోవచ్చు. క్లౌడ్ బ్యాకప్‌ను, సీసీ కెమెరాల అప్‌లోడ్‌ను, గేమ్ అప్‌డేట్లను అందరూ పడుకున్న తర్వాతి వేళకు మార్చడం తేలిక, ఖర్చూ లేదు. రూటర్ సెట్టింగ్‌లలో ఎస్‌క్యూఎం, అంటే ఈ ప్యాకెట్ల వరుసలను అదుపులో ఉంచే ఏర్పాటు, ఉంటే అది ఇంకా మేలైన పని చేస్తుంది. ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ వంటి పద్ధతులు ఒక్కొక్క ప్రవాహానికి వేరే వరుస కేటాయించి, ఏ వరుసా మరీ పొడవు కాకుండా చూస్తాయి. అందులో వేగ పరిమితిని మీకు నిజంగా అందే వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. ఆ కాస్త తగ్గించకపోతే వరుస మీ రూటర్‌లో కాకుండా ప్రొవైడర్ పరికరంలో ఏర్పడుతుంది, అక్కడ మన సెట్టింగ్ పనిచేయదు. మా ఇంట్లో ఈ మార్పు చేశాక బ్యాకప్ నడుస్తున్నా పింగ్ 20 దాటడం అరుదైపోయింది.

ఇప్పుడు కేబుల్ తీసేసి, మీరు సాధారణంగా కూర్చునే గదిలో వైఫై మీద అదే పరీక్ష చేయండి. రూటర్ చిరునామాకు వెళ్లే పింగే ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు వైఫైది, ప్రొవైడర్‌ను అడిగి లాభం లేదు. వైఫై వాడే రెండు రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలను బాగా దాటుతుంది కానీ ఇరుగుపొరుగు రూటర్లన్నీ అందులోనే గుంపుగా ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, దాని పరిధి తక్కువ. 2.4 తప్పనిసరి అయితే ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచి, ఒకదానిమీద ఒకటి పడని 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒకే రేడియోతో అందుకుని తిరిగి పంపే రిపీటర్ వేగాన్ని దాదాపు సగం చేస్తుంది కనుక దానికంటే కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ (వైఫై ప్రసారం చేసే పరికరం) పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

కేబుల్ మీద కూడా వేగం రాకపోతే, ముందు ఆ కేబుల్‌నే అనుమానించండి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి అందులోని నాలుగు జతల తీగలూ బాగుండాలి. ఒక జత తెగితే లింక్ చడీచప్పుడు లేకుండా 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. 100 ప్లాన్‌కు అది పెద్ద నష్టం కాదు, 300 ప్లాన్ తీసుకున్నవారికి మాత్రం డబ్బు వృథా. డౌన్‌లోడ్ విండోలో సెకనుకు 12 మెగాబైట్లు కనిపిస్తే అది తక్కువని అనుకోకండి: 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 100 ఎంబీపీఎస్‌కు గరిష్ఠంగా వచ్చేది పన్నెండున్నరే. డీఎన్ఎస్‌ను, అంటే వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే సేవను, మార్చమని చాలామంది సలహా ఇస్తారు. దానితో పేజీ తెరుచుకునే తొలి క్షణం మెరుగుపడవచ్చు, డౌన్‌లోడ్ వేగం పెరగదు.

ఇంట్లో ఏదీ లైన్‌ను వాడుకోని సమయంలో, కేబుల్ మీద కూడా, సాయంత్రాలు మాత్రమే బయటి పింగ్ పెరుగుతుంటే అది ప్రొవైడర్ వైపు రద్దీ అయ్యే అవకాశమే ఎక్కువ. అప్పుడు "నెట్ స్లోగా ఉంది" అని ఫిర్యాదు చేస్తే రూటర్ ఆపి మళ్లీ వేయమంటారు, అంతే. తేదీ, వేళ, రెండు పింగ్‌ల అంకెలు, కేబుల్ మీద వచ్చిన వేగం రాసి ఇవ్వండి. ఫైబర్ పరికరం అందుకుంటున్న ఆప్టికల్ పవర్, అంటే కాంతి బలం, ఎంతో కూడా అడగండి. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలోని బీ ప్లస్ తరగతి పరికరాలకు అది −8 నుంచి −27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం, −27 వైపు వెళ్లేకొద్దీ కాంతి బలహీనం) మధ్య ఉండాలి. −27కు చేరువలో ఉంటే ఫైబర్ ఎక్కడో మడతపడిందేమో, కనెక్టర్‌లో దుమ్ము చేరిందేమో వచ్చి చూడమని పట్టుబట్టండి.